రాక్షసుడు నాలుగింటిలోగా చావాలి

ఎల్బీనగర్ చౌరస్తాలో మూడు వేల మంది ఎదుట, చేతిలో లాఠీ కూడా లేకుండా, యూనిఫాంలో ఒంటరిగా నిలబడి విజయవాడ రోడ్డును తెరిపించినవాణ్ణి నేను. ఎవరి మీదా ఒక్క దెబ్బ పడలేదు. ఒక్క గ్యాస్ గుండు పేలలేదు. మా మీర్‌పేట్ కాలనీలో ఈ కథ వినని ఇల్లు లేదు. టీ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ జనం సంఖ్యను కాస్త పెంచుతూ వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి దించుకుంటూ రావాలి.

ముందు దిగిన రోజు చెప్తాను.

ఉదయం అయిదూ నలభై. దిల్‌సుఖ్‌నగర్. ఆరు ట్రక్కులు. తెలంగాణ సమ్మె ఊపందుకున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. షట్టర్లన్నీ కిందికి ఉన్నాయి. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకర్లు మాత్రం ఎప్పటిలాగే నవ్వుతున్నారు. హాస్టళ్ల బాల్కనీల్లోంచి పిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని మా ట్రక్కులను లెక్కపెట్టారు. వానాకాలం పోతూ పోతూ ఉక్కను ఇక్కడే వదిలేసి పోయింది.

నేను కేంద్ర బలగాల్లో హవల్దారుని. అప్పటికి ముప్పై అయిదేళ్ల సర్వీసు. మంచు చూశాను, అడవి చూశాను, ఇసుక చూశాను. సొంత జిల్లాకు పోయే రోడ్డు మీద డ్యూటీ మాత్రం అదే మొదటిసారి. మాది నల్లగొండ పక్క పల్లె. నా సెక్షన్‌లో పది మంది. తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరం: నేను, తెనాలి వైపు నుంచి వచ్చిన వైర్‌లెస్ ఆపరేటర్.

బస సరూర్‌నగర్ చెరువుకు దగ్గర్లో ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లికూతురు గదిలో మా హెల్మెట్లు. వేదిక మీద మా పరుపులు. ఒక్కొక్కరి ఒంటి మీద సామాను తొమ్మిది కిలోలు: ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, బెత్తపు డాలు, ఛాతీకీ మోకాళ్లకూ కవచాలు, అయిదడుగుల లాఠీ, లీటరు నీళ్ల సీసా. కంపెనీ కమాండర్ హిందీలో ఇచ్చిన ఆర్డరు చిన్నది. "జనం రోడ్డు మీదికి వస్తారు. రానివ్వండి. రక్తం మాత్రం రోడ్డు మీదికి రాకూడదు."

పన్నెండు రోజులు అలాగే గడిచాయి. పదమూడో రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు.

అప్పుడు ఊళ్లో లేనివాళ్ల కోసం చెప్తున్నాను. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టేవారు. అక్కడే వండి, అక్కడే తిని, ఆడి పాడి, రోడ్డును ఆపేవారు. ఆ రోజు పొద్దున ఎనిమిదికే హైవే మీద పదిహేను పొయ్యిలు వెలిగాయి. తాలింపు వాసన మా డాళ్ల మీదుగా వచ్చింది.

"హవల్దార్ గారూ, ఇది ధర్నానా, పెళ్లాండీ?" అన్నాడు ఆపరేటర్.

"మీ తెనాలిల పెళ్లికి గింతమంది ఒస్తరా?" అన్నాను.

"వస్తారండీ. కానీ మమ్మల్ని లోపలికి పిలుస్తారు."

తొమ్మిదీ పదిహేనుకు మా పికెట్ దగ్గరికి హయత్‌నగర్ వైపు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. నల్లగొండ నుంచి భాగోతం ఆడేవాళ్లు. హార్మోనియం, మద్దెల, మూటలు, ఒక రేకుపెట్టె. పెట్టె మీద పదిహేడేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. పేరు యాదగిరి. పక్కన అతని తాత, దళానికి గురువు.

పెట్టె తెరవమన్నాను.

"తియ్యొద్దు సార్," అన్నాడు యాదగిరి. "కిరీటమున్నది. పూజ గాలే. నేను గూడ ఇంక ముట్టలే."

"లోపల ఏమున్నదో చూడకుంట ఎట్ల పంపిస్త రా?"

"తాత తీస్తడు సార్. జర ఆగుండ్రి, చేతులు కడుక్కుంటడు."

నేను ఆగలేదు. వెనక ఏడు బండ్లున్నాయి. మూత ఎత్తి లాఠీ కొసతో బట్ట జరిపాను. పొనికి కర్రతో చేసి, అద్దాలు అతికిన పాత కిరీటం. లాఠీ కొస తగిలి ఒక అద్దం ఊడి రోడ్డు మీద పడింది. యాదగిరి కిందికి దూకి దాన్ని ఏరుకున్నాడు. చేతిరుమాలులో చుట్టుకున్నాడు. ముడి వేస్తూ నన్నే చూశాడు. కోపమో భయమో తెలియలేదు. ముసలాయన మాత్రం, "పోనీ సార్. మీ డ్యూటీ మీది," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నా జిల్లావాడి కిరీటాన్ని లాఠీతో ముట్టుకున్నాను. టీ తాగిన ఏ ఇంట్లోనూ ఈ ముక్క చెప్పలేదు.

ఒకటీ పదికి కథ మొదలైంది. తారు రోడ్డే రంగస్థలం. యాదగిరి ముఖానికి పసుపుపచ్చటి అర్దళం పూశారు. కాళ్లకు గజ్జెలు కట్టారు. తాత కొబ్బరికాయ కొట్టి కిరీటం ఎత్తి పెట్టాడు. మొదటిసారి. కిరీటం ముందు వరసలో ఒక అద్దం ఖాళీ నాకు అంత దూరం నుంచీ కనిపించింది.

కథ ఇది. రాజ్యం పేరు మట్టికోట. అక్కడ పదహారేళ్లుగా వాన లేదు. ఏడు కొండల అవతల ఒక రాక్షసుడు కూర్చుని ఆ రాజ్యపు మబ్బులన్నీ మింగేశాడు. వాన ఆగిన రోజునే రాజుకు కొడుకు పుట్టాడు. అందుకని ఎండలరాజు అని పేరు. వాడు వానను ఎరగడు. అవ్వ చెప్పిన ఉరుము కథ వింటేనే మంచం కిందికి దూరేవాడు. రాజు సైన్యాన్ని పంపాడు, తిరిగి రాలేదు. పెద్ద కొడుకును పంపాడు, తిరిగి రాలేదు. చివరికి తల్లి కోటలో మిగిలిన ఒక్క చెంబు నీళ్లూ చేతికిచ్చి ఈ పిరికివాణ్ణి పంపింది.

మొదటి వాకిట్లో ఎండిన బావికి కాపలా ఉన్న కప్ప. గుటకెడు నీళ్లడిగింది. ఇచ్చాడు. రెండో వాకిట్లో మబ్బుల తల్లి, ఏడ్చి ఏడ్చి చూపు పోయినది. కళ్లు తడుపుకోవడానికి అడిగింది. ఇచ్చాడు. మూడో వాకిట్లో తండ్రి సైనికులు. వేల మంది. నిలబడినవాళ్లు నిలబడినట్టే ఉప్పుబొమ్మలైపోయారు. చెంబులో ఒక్క చుక్క మిగిలింది. ఎండలరాజు ఆ చుక్కను ఒక బొమ్మ పెదవుల మీద పోశాడు. అది వాడి అన్న. ఉప్పు పెదవులు కదిలాయి.

"తమ్ముడా, భయం లేదని ఒచ్చినోళ్లం అందరం ఉప్పయినం. నువ్వు భయంతోనే పో."

నేను ముప్పై అయిదేళ్లలో విన్న బ్రీఫింగులు అన్నీ కలిపినా అంత పనికొచ్చే మాట లేదు. డాలు పట్టుకుని నిలబడి, రోడ్డు వైపు చూస్తున్నట్టు నటిస్తూ, చెవి అటే పెట్టాను. యాదగిరి గొంతు మొదట్లో చీలింది. రెండో వాకిటి దగ్గర నిలబడింది. మూడో వాకిట్లో పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు గరిటెలు ఆపి విన్నారు. నా ఛాతీ కవచం బిగుతైంది. మా జిల్లా పిల్లాడు మరి.

రెండూ ఇరవైకి రేడియో. ఇది మూడో వాకిటికి ముందే వచ్చింది, వరస కోసం ఇక్కడ చెప్తున్నాను.

"చార్లీ టూ. నాలుగింటికి రోడ్డు ఖాళీ కావాలి. లాఠీ లేకుండా చేయగలిగితే మంచిది. లేకపోతే నాలుగు దాటి ఒక్క నిమిషానికి రెండు ప్లాటూన్లు వస్తాయి. ఓవర్."

నేను ముసలాయన దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. ఆయన హార్మోనియం మీద చేయి తీయకుండానే జవాబిచ్చాడు.

"కిరీటం వెట్టినంక మంగళం పాడేదాంక దించద్దు సార్. నడుమల దించినోడు మల్లా బతుకుల రాజు ఏసం గట్టడు. మా ఇండ్లల్ల గంతే. పిలగాడు జిందగీ అంత తాళం కొట్టుకుంట కూసోవాలె."

"ఇంకెంతసేపు?"

"రాక్షసుడు సస్తే అయిపోతది."

"ఎప్పుడు సస్తడు?"

"ఒస్తే సస్తడు సార్. ఇంక రాలే."

తుర్కయంజాల్ అవతలి ఊరి నుంచి రావలసిన రాక్షస వేషగాడు రాలేదు. మూడూ అయిదుకు కబురు తెలిసింది. సాగర్ రోడ్డు మీద ఎక్కడో ఒక చెక్‌పోస్టు దగ్గర అతని జీపును ఆపి, ముందుజాగ్రత్త కింద అందరినీ స్టేషన్‌లో కూర్చోబెట్టారు. సాయంత్రం దాకా వదలరు.

"మీ దళంల ఇంకొకర్ని కట్టుమను," అన్నాను.

"మొదటి కిరీటం నాడు సొంతింటోని మీద కత్తి ఎత్తద్దు. వీళ్లందరు మా ఇంటోళ్లే. బయటోడే గావాలె."

మూడూ ఇరవైకి కథ ఆగింది. ఎండలరాజు రాక్షసుడి గుహ ముందు నిలబడి పిలిచాడు. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచాడు. ముసలాయన జనంలోకి చూసి, ఎవరైనా రండి నాయనా, నాలుగు దెబ్బలు తిని పడిపోతే చాలు అన్నాడు. ఎవరూ కదలలేదు. మబ్బులు మింగినవాడి వేషం ఆ రోజు అక్కడ ఎవడు కడతాడు? కట్టినవాణ్ణి మర్నాటి నుంచి ఊళ్లో ఆ పేరుతోనే పిలుస్తారు.

యాదగిరి గుండ్రంగా తిరుగుతూ పాట సాగదీస్తున్నాడు. పాడిన చరణాన్నే మూడోసారి పాడాడు. గొంతు మళ్లీ చీలుతోంది. అర్దళం మీద చెమట గీతలు. ప్లాటూన్లు వస్తే ముందు ఆ కిరీటమే కింద పడుతుంది. ఆ పిల్లాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు, ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక ముసలమ్మ తలెత్తకుండా అంది.

"గాడ నిలవడ్డడు గద రాక్షసుడు, టోపి వెట్టుకొని. ఆయిన్నే పిలువుండ్రి."

జనం నవ్వారు. మూడు వేలు కాదు. మూడు వందలు. అందులో నూరు మంది పొయ్యిల దగ్గరే ఉన్నారు. కానీ మూడు వందల మంది ఒక్క మనిషి వైపు తిరిగి నవ్వితే అది మూడు వేలలాగే ఉంటుంది. ఇది మాత్రం సాగదీత కాదు.

నాకై నేను ముందుకు నడిచానని చెప్తుంటాను. నడిచాను. దానికి ముందు ఆపరేటర్ నా చెవిలో, "పొద్దున ఆ అద్దం ఊడగొట్టింది మీరేగా, వెళ్లండి," అన్నాడు. అది చెప్పను.

యూనిఫాం విప్పాను. యూనిఫాం నేలకు తగలకూడదు, అదీ కారణం అని ఆపరేటర్‌తో అన్నాను. అసలు కారణం వేరు. ఖాకీ కనిపిస్తే రాకుమారుడితో పాటు మరో పది మంది కొడతారేమోనని భయం. చొక్కా, హెల్మెట్, డాలు, బెల్టు, లాఠీ ఆపరేటర్ చేతికిచ్చాను. బనీను మీద నల్ల గొంగడి కప్పారు. ముఖానికి కోరలున్న అట్ట ముసుగు కట్టారు. ఛాతీ కవచం మాత్రం గొంగడి లోపల మళ్లీ కట్టుకున్నాను. మూడూ ముప్పై ఎనిమిది.

అప్పుడే రేడియో పలికింది. ఆపరేటర్ పక్కనే ఉన్నాడు కాబట్టి నాకు వినిపించింది.

"చార్లీ టూ, పరిస్థితి చెప్పు. ఓవర్."

"సార్, హవల్దార్ గారు రాక్షసుడయ్యారు. ఓవర్."

కాసేపు గరగర.

"మళ్లీ చెప్పు."

"రాక్షసుడు చచ్చిపోతే రోడ్డు తెరుస్తారట సార్. పన్నెండు నిమిషాలు చాలంటున్నారు. ఓవర్."

ఇంకా ఎక్కువ గరగర. తర్వాత కమాండర్ గొంతు, చాలా మెల్లగా. "నాలుగింటిలోగా చావమను. ఓవర్ అండ్ అవుట్."

గుహ అంటే ఇద్దరు పట్టుకున్న దుప్పటి. దాన్ని తోసుకుని బయటికి వచ్చాను. గర్జించమన్నారు. పెరేడ్‌లో "సావధాన్" అరిచే గొంతు పెట్టి గర్జించాను. ముందు వరసలో ఒక పసివాడు ఏడ్చాడు. గర్వంగా అనిపించింది.

"ఒట్టి చెంబు వట్టుకొని ఒచ్చినవా ఎండలరాజా?" ముసలాయన నా తరఫున పాడాడు.

"పంచిపెట్టి ఒచ్చిన," అన్నాడు యాదగిరి.

మూడు దెబ్బలు కొట్టాలి. మూడోదానికి నేను పడాలి. కర్ర కత్తికి వెండి కాగితం చుట్టారు. కత్తి ఎత్తాడు. ముసుగు కన్నాల్లోంచి నా కళ్లు చూశాడు. పొద్దున పెట్టె తెరిచిన కళ్లని గుర్తుపట్టాడు. చేయి వణికింది. మొదటి దెబ్బ నా భుజానికి ఈగ వాలినట్టు తాకింది. జనం నవ్వారు. రెండోది అసలు తగల్లేదు. ముసలాయన చేయి హార్మోనియం మీద ఆగిపోయింది. మద్దెలవాడు తలవంచుకున్నాడు. మూడోది కూడా అలాగే పోతే, నేను పడినా అది చావు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. రేపటి నుంచి ఆ పిల్లాడిని ఎండలరాజు అని ఎవరూ పిలవరు.

ముసుగులోంచి నెమ్మదిగా అన్నాను. "అన్న ఏం జెప్పిండు రా? భయంతోనే పో అన్నడు. భయంతోనే కొట్టు."

కొట్టాడు.

నేను పడ్డాను. సరిగ్గా పడవలసిన చోట, పడవలసిన తాళానికి, కావాలనే పడ్డాను. ముప్పై అయిదేళ్లలో ఎన్నోసార్లు నేల కరిచాను గానీ అంత అందంగా ఎప్పుడూ పడలేదు. మూడూ యాభై రెండు. తారు కాలుతోంది. యాదగిరి కాలెత్తి నా రొమ్ము మీద పెట్టాడు. ఈక వాలినట్టు పెట్టాడు. కత్తితో నా పొట్ట చీల్చినట్టు చేయగానే దళంలోని ఆడవాళ్లు బిందెలతో నీళ్లు ఆకాశంలోకి విసిరారు. మబ్బులు బయటికి వచ్చాయి. మట్టికోటలో వాన. ముందు వరసలోని పిల్లలు నోళ్లు తెరిచారు. పోలీసులూ తడిశారు, పొయ్యిలూ తడిశాయి. మా వాళ్లలో ఒకడు, హర్యానావాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాడు.

మూడూ యాభై ఎనిమిదికి మంగళం. ముసలాయన కిరీటం దించి కళ్లకద్దుకుని పిల్లాడి చేతుల్లోనే పెట్టాడు. పెట్టెలో పెట్టలేదు. నాలుగూ పదికి రోడ్డు తెరుచుకుంది. మొదటి బండి పాల వ్యాను. పది నిమిషాలు ఆలస్యం. కమాండర్ రిపోర్టులో నాలుగు అనే రాశాడు. ఆయనకూ నా జబ్బు అంటుకుంది.

నేను గొంగడి తీసి పక్కన కూర్చుంటే ఉల్లిగడ్డల ముసలమ్మ విస్తరి తెచ్చి ముందు పెట్టింది.

"తిను బిడ్డా. సచ్చినోనికి గూడ ఆకలైతది."

"డ్యూటీల తినద్దమ్మా."

"సచ్చినోనికి డ్యూటీ ఏంది?"

తిన్నాను. పప్పు, పచ్చిపులుసు. చాలా ఏళ్ల తర్వాత మా ఇంటి రుచి.

ఇంకో నెల ఉన్నాం. ఒక తెల్లవారుజామున ట్రక్కులెక్కాం. అవే ట్రక్కులు, అవే తొమ్మిది కిలోలు. దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు ఎత్తుతున్నారు. రెండేళ్లకు రిటైరై మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాను. పతకాలు రెండున్నాయి, బీరువాలో. కళ్లు మూసుకుంటే వచ్చేది మాత్రం ఆ మంచు కొండలు కాదు, ఆ అడవీ కాదు. తారు మీద వెల్లకిలా పడి కింది నుంచి చూసిన చూపు. పైన ఆకాశం. దానికి అడ్డంగా పదిహేడేళ్ల పిల్లాడు. ముఖం మీద అర్దళం నీళ్లకు కరిగి మెడ మీదికి కారుతోంది. ఒక అద్దం లేని కిరీటం. వణుకు ఆగిన చేయి. నా సర్వీసులో నేను ఒకణ్ణి మనిషిని చేశానంటే అతణ్ణే.

అచ్చుకిచ్చే ముందు దీన్ని యాదగిరికి చదివి వినిపించాను. ఇప్పుడు దళానికి అతనే గురువు. మొన్న ఆదివారం సరూర్‌నగర్‌లో ఆట ఉంటే మా ఇంట్లోనే దిగాడు. మొత్తం విన్నాడు. టీ పూర్తిగా తాగాడు. కప్పు కింద పెట్టాడు.

"కాకా, నువ్వు ముసుగులకెళ్లి ఏం జెప్పినవో నాకు ఇనవడనే లే. నువ్వు పడలే, నేను పడగొట్టిన. కాలు ఈక లెక్క పెట్టిన అని రాసినవ్, పానమంత పెట్టి తొక్కిన. నువ్వు లేస్తుంటివి."